సీమ్యాప్ శిక్షణ: రెండు చోట్ల డబ్బు కట్టాక నాకు తెలిసినవి

సీమ్యాప్ అంటే యూకేలో మార్ట్‌గేజ్‌ల మీద, అంటే ఇళ్ల అప్పుల మీద, సలహా ఇచ్చే ఉద్యోగానికి రాసే పరీక్ష. 2024 జూన్ 17న మొదటి ట్రైనింగ్ కంపెనీకి ఫోన్ చేశాను. 2025 మే 10న ఆఖరి పరీక్ష పాసయ్యాను. దాదాపు పదకొండు నెలలు. అందులో నాలుగు నెలలు మొదట తప్పు చోట చేరినందువల్ల పోయాయి. యూకేలో మార్ట్‌గేజ్ అడ్వైజర్ అవుదామనుకునే మనవాళ్లు, ముఖ్యంగా ఇండియాలో బ్యాంకు ఉద్యోగం చేసి ఇక్కడికి వచ్చిన ఆడవాళ్లు, నన్ను ఇదే అడుగుతున్నారు: "ఎక్కడ చేరమంటావు?" అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కంపెనీల పేర్లు మాత్రం రాయను.

నేను విజయవాడలో ఒక బ్యాంకు హోమ్ లోన్ సెక్షన్‌లో నాలుగేళ్లు పనిచేశాను. 2018లో ఇంగ్లండ్‌లోని రెడింగ్ వచ్చాం. పాప చిన్నది కావడంతో ఉద్యోగం జోలికి వెళ్లలేదు. 2024 మార్చిలో ఇల్లు కొన్నప్పుడు మా మార్ట్‌గేజ్ బ్రోకర్ ఆవిడ అడక్కముందే నేను కాగితాలన్నీ వరసగా పెట్టి పంపేసరికి, "మీకు వచ్చిన పనే కదా, సీమ్యాప్ చెయ్యకూడదా?" అంది. ఆ మాట నన్ను మూడు నెలలు వదల్లేదు. ఆరేళ్ల తర్వాత ఒకరు నన్ను పని వచ్చిన మనిషిగా చూశారు.

ఇక్కడ ఇళ్ల అప్పుల మీద సలహా ఇవ్వాలంటే ఎఫ్‌సీఏ (ఇక్కడి ఆర్థిక సేవల నియంత్రణ సంస్థ) ఒప్పుకున్న అర్హత ఉండాలి. సీమ్యాప్ ఒక్కటే దారి కాదు. చార్టర్డ్ ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్‌కీ, స్కాట్లండ్‌లోని చార్టర్డ్ బ్యాంకర్ ఇన్‌స్టిట్యూట్‌కీ వాటి సొంత పరీక్షలు ఉన్నాయి. కానీ మా ఊరి చుట్టుపక్కల ఉద్యోగ ప్రకటనలు ఓ ఇరవై చదివితే దాదాపు అన్నిట్లోనూ సీమ్యాప్ అనే మాటే కనపడింది. అక్కడితో అది తేలిపోయింది. ఏ పరీక్షో తేలడానికి ఒక సాయంత్రం సరిపోయింది. ఎవరి దగ్గర నేర్చుకోవాలో తేలడానికే ఇంత కథ.

ముందు ఒక విషయం నాకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. పరీక్ష పెట్టేది ఒకరు, పాఠం చెప్పేది ఇంకొకరు. పరీక్ష లండన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్యాంకింగ్ అండ్ ఫైనాన్స్ వాళ్లది. ఇప్పుడు దాని పేరు వాల్‌బ్రూక్ ఇన్‌స్టిట్యూట్ లండన్ అని మారింది. పరీక్షలో మూడు మాడ్యూళ్లు ఉంటాయి. మాడ్యూల్‌కింత అని వాళ్లకి విడిగా రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాలి, ఆ ఫీజులోనే వాళ్ల పాఠ్యపుస్తకం కూడా వస్తుంది. ట్రైనింగ్ కంపెనీలు వెబ్‌సైట్‌లో పెద్ద అక్షరాలతో వేసే ధరలో చాలాసార్లు ఈ ఫీజు ఉండదు. మూడు మాడ్యూళ్లకీ కలిపి నాకు అదే 600 పౌండ్లు దాటింది. "అంతా కలిపి 349" అని ఫోన్‌లో విన్నప్పుడు ఆ "అంతా"లో ఏముందో నేను అడగలేదు.

ఆ జూన్‌లో వారం రోజుల్లో నాలుగు కంపెనీలతో మాట్లాడాను. ఒకటి లండన్‌లో క్లాస్‌రూమ్, పది రోజులు, 1,600 పౌండ్లు, పైన రోజూ రైలు ఖర్చు. ఒకటి ఆదివారాలు ఆన్‌లైన్‌లో లైవ్ క్లాసులు. మిగతా రెండూ వీడియోలు, నోట్సు చూసుకుంటూ మన తీరికని బట్టి చదువుకునేవి. క్లాస్‌రూమ్ వాళ్లలో ఫోన్ ఎత్తినాయన మంచివాడు. పాపని స్కూల్లో దింపాలని చెబితే, "మీ పరిస్థితికి మా కోర్సు కుదరదండీ" అని తనే అనేశాడు. స్లౌలో ఉండే ఒక అక్క అలాంటి క్లాస్‌రూమ్ కోర్సే చేసింది. "పది రోజులూ అన్నీ అర్థమైనట్టే ఉంటుంది, పదిహేనో రోజుకి సగం ఉండదు. వెంటవెంటనే పరీక్షలు రాసేసేవాళ్లకే అది" అని చెప్పింది.

నేను పడిపోయింది నాలుగో కంపెనీకి. 95 శాతం పాస్ రేటు అన్నారు. "పాస్ గ్యారంటీ" అన్నారు. ఉద్యోగం చూపిస్తామన్నారు. డిస్కౌంటు ఈ రాత్రితో అయిపోతుందన్నారు. నా చదువేంటి, అనుభవమేంటి అని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అప్పుడే అనుమానించాల్సింది. మా ఆయన "రేపు ఆలోచించి కడదాం" అన్నారు. నేనే ఆగలేదు. ఆరేళ్లు సంపాదన లేకుండా ఉన్నాక, ఇంకో రోజు ఆగితే ధైర్యం పోతుందేమోనన్న భయం నాది. జూన్ 28 రాత్రి పదిన్నరకి డెబిట్ కార్డుతో 349 పౌండ్లు కట్టాను.

కట్టేటప్పుడు స్క్రీన్ మీద చిన్న గడి ఒకటి ఉంది: కోర్సు వెంటనే తెరవమని కోరుతున్నాను, దానివల్ల రద్దు హక్కు పోతుందని నాకు తెలుసు, అని. టిక్ పెట్టాను. ఆన్‌లైన్‌లో కొన్నవాటికి మామూలుగా పద్నాలుగు రోజుల్లో మనసు మార్చుకునే హక్కు ఉంటుంది. కానీ డిజిటల్ కోర్సుని వెంటనే తెరవమని ఒప్పుకుంటే ఆ హక్కు పోతుంది. నాలుగో రోజుకి నాకు విషయం అర్థమైంది. వీడియోలంటే స్లైడ్ మీద ఉన్నదాన్ని ఎవరో చదువుతున్నారు, అంతే. సందేహాలకి ఒక ఈమెయిల్ ఉంది, నేను పంపినదానికి జవాబు రావడానికి చివరికి తొమ్మిది రోజులు పట్టింది. జూలై 2న డబ్బు వెనక్కి ఇమ్మని రాశాను. మీరు టిక్ పెట్టారు కదా అన్నారు. సరే, కట్టిన డబ్బుకి న్యాయం చేద్దామని కూర్చుని చదివాను. పాప నిద్రపోయాక తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా, వంటింటి బల్ల మీద.

ఇక పేరు సంగతి. మన తెలుగువాళ్లు దీన్ని తప్పకుండా చూసుకోండి. నా పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పుట్టింటివాళ్లది. ఇక్కడ డాక్టరు దగ్గరా, పాప స్కూల్లో అందరికీ నేను మా ఆయన ఇంటిపేరుతోనే తెలుసు. అలవాటుకొద్దీ రిజిస్ట్రేషన్ కూడా ఆ పేరుతోనే చేశాను. ఆగస్టు 24కి పరీక్ష బుక్ చేసుకున్నాక, గుర్తింపు కార్డులో ఉన్న పేరూ బుకింగ్‌లో పేరూ అక్షరం తేడా లేకుండా ఉండాలన్న మాట ఈమెయిల్‌లో చదివి గుండె జారింది. పాస్‌పోర్ట్ కాపీ పంపి మార్పించుకోవడానికి ఏడు పనిదినాలు పట్టింది. ఈలోగా 24 చేజారింది. దగ్గర్లోని సెంటర్‌లో మళ్లీ శనివారం ఖాళీ దొరికింది సెప్టెంబర్ 14కి. ఇంట్లోంచి కంప్యూటర్‌లో రాసే ఏర్పాటు కూడా ఉంది కానీ, పాప తలుపు తీసుకుని వచ్చేస్తే ఏంటని సెంటర్‌కే వెళ్లాను.

పరీక్ష కేంద్రం ఒక ఆఫీసు బిల్డింగులో రెండో అంతస్తు. ఫోను, వాచీ, మంచినీళ్ల సీసా అన్నీ లాకర్‌లో పెట్టించారు. జేబులు బయటికి తీసి చూపించమన్నారు, చొక్కా చేతులు పైకి లాగమన్నారు, కళ్లజోడు తీసి చూశారు. మన దగ్గర ఎంసెట్‌కి వెళ్లిన పిల్లలకి ఇది కొత్త కాదు కానీ, ముప్పై ఆరేళ్ల వయసులో నాకు చేతులు వణికాయి. మొదటి మాడ్యూల్ రెండు భాగాలు. ఒక్కోదానికి గంట, 50 ప్రశ్నలు, 70 శాతం రావాలి, అంటే 35. రాసి బయటికి రాగానే రిసెప్షన్‌లో కాగితం చేతికిచ్చారు. నిబంధనల భాగంలో 39. పన్నులు, పొదుపు పథకాలు ఉండే భాగంలో 33.

రెండు మార్కులు. కారులో కూర్చుని తలుపు వేసుకుని ఏడ్చాను. అదే సమయానికి అమ్మ ఫోన్ చేసింది. "బాగానే రాశానమ్మా, ఫలితం ఇంకా రాలేదు" అని అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం పది వారాలు మోశాను.

వారం తర్వాత పుస్తకం తెరిచే ఓపిక వచ్చింది. నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటంటే, పరీక్షలో అడిగే పన్నుల లెక్కలు సెప్టెంబర్‌లో కొత్త సంవత్సరానికి మారాయేమో, ఆగస్టు 24 తప్పిపోయినందువల్లే ఇలా అయిందేమో అని. ట్రైనింగ్ కంపెనీ నోట్సునీ, రిజిస్ట్రేషన్‌తో వచ్చిన అసలు పాఠ్యపుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఆ పుస్తకాన్ని అప్పటిదాకా సరిగా తెరవలేదు, నోట్సు చాలన్నారు కదా అని. ఆస్తి అమ్మితే వచ్చే లాభం మీద పన్ను లేకుండా ఏడాదికి వదిలే మొత్తం (మూలధన లాభాల మినహాయింపు) కంపెనీ నోట్సులో 12,300 పౌండ్లు అని ఉంది. అది 2022-23 నాటిది. 2023-24లో 6,000 అయింది, 2024-25లో 3,000. డివిడెండ్ల మీద వదిలేది నోట్సులో 2,000, అసలుది 500. అంటే నేను ఆగస్టులో రాసినా ఆ లెక్కలు తప్పే. రెండేళ్ల పాత పాఠం నాకు అమ్మారు. అర్ధరాత్రిళ్లు కూర్చుని బట్టీ పట్టింది తప్పు అంకెల్ని.

"పాస్ గ్యారంటీ" అడిగాను. షరతులు పంపారు. గ్యారంటీ అంటే వీడియోలు మళ్లీ చూసుకోనిస్తారట, పరీక్ష ఫీజు ఇవ్వరట. దానికైనా వాళ్ల మాదిరి పరీక్షల్లో మూడుసార్లు 85 శాతం తెచ్చుకున్న రుజువు కావాలట. ఆ మాదిరి పరీక్షల్లో ఉన్నవీ పాత అంకెలే. పేజీ నంబర్లు వేసి, తప్పులన్నీ రాసి ఫిర్యాదు చేశాను. ఐదు వారాల తర్వాత 100 పౌండ్లు వెనక్కి వచ్చాయి. ఆ తర్వాత చదువులోనే తెలిసింది: కన్స్యూమర్ క్రెడిట్ యాక్ట్ 1974 సెక్షన్ 75 ప్రకారం, 100 పౌండ్లు దాటిన వస్తువుకో సేవకో క్రెడిట్ కార్డుతో కడితే, అమ్మినవాళ్లు మాట తప్పినప్పుడు కార్డు కంపెనీని కూడా అడగొచ్చు. డెబిట్ కార్డుకి ఆ సెక్షన్ వర్తించదు. మీరు ఎక్కడ చేరినా క్రెడిట్ కార్డుతో కట్టండి.

అక్టోబర్‌లో మళ్లీ వెతుకులాట. ఈసారి నేను అడిగే ప్రశ్నలు మారాయి. "ఇప్పుడు మీ నోట్సులో మూలధన లాభాల మినహాయింపు ఎంత రాశారు?" అని నేరుగా అడిగాను. ఒకచోట సేల్స్ అమ్మాయి కనుక్కుని చెప్తానంది, చెప్పలేదు. ఇంకోచోట 6,000 అన్నారు. మూడోచోట ఫోన్ ఎత్తింది పాఠం చెప్పే మాస్టారే. "మూడు వేలు. ఎప్పటినుంచో కూడా చెప్పమంటారా?" అన్నాడు. పాస్ రేటు అడిగితే, "మా దగ్గర చేరి మధ్యలో మానేసినవాళ్లని లెక్కేస్తే ఒక అంకె వస్తుంది, వెయ్యకపోతే ఇంకోటి వస్తుంది. అందుకే మేం ప్రకటించం" అన్నాడు. నేను మొదట చేరిన కంపెనీకి 95 శాతం ఎలా వచ్చిందో అప్పుడు అర్థమైంది. రివిజన్ క్లాసుకి వచ్చి పరీక్ష రాసినవాళ్లని మాత్రమే వాళ్లు లెక్కేస్తారు. ఆ చిన్న అక్షరాలు నేను అప్పుడు చదవలేదు.

డబ్బు కట్టకముందే ఒక ఆదివారం క్లాసులో కూర్చోనిచ్చాడు. ఆ రోజు పాఠం ఉమ్మడి యాజమాన్యం. నాకు విజయవాడ అనుభవం ఇక్కడే అడ్డొచ్చేది. మన దగ్గర సేల్ డీడ్, ఈసీ, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. ఇక్కడ ల్యాండ్ రిజిస్ట్రీ, ఫ్రీహోల్డ్ (స్థలంతో సహా సొంతం), లీజ్‌హోల్డ్ (కొన్నేళ్ల గడువుకే హక్కు). మాటలు దగ్గరగా అనిపిస్తాయి, అర్థాలు వేరు. జాయింట్ టెనెంట్స్ అంటే అద్దెకున్నవాళ్లు అనుకునేదాన్ని. కాదు, ఇంటి యజమానులే. వాళ్లలో ఒకరు పోతే ఇల్లు మొత్తం రెండోవారికి దానంతటదే వెళ్తుంది, వీలునామాలో ఇంకోలా రాసినా సరే. టెనెంట్స్ ఇన్ కామన్ అయితే ఎవరి వాటా వాళ్లదే, వీలునామా ప్రకారం పోతుంది. "మీ ఇల్లు ఏ పద్ధతిలో ఉందో మీకు తెలుసా?" అని అడిగాడు. తెలియదు. క్లాసు అవగానే మా కాగితాలు తీసి చూశాను. జాయింట్ టెనెంట్స్. మార్చిలో సంతకం పెట్టాను, అక్టోబర్‌లో అర్థమైంది. ఆ సాయంత్రమే, అంటే అక్టోబర్ 20న, 780 పౌండ్లు కట్టాను. మూడు మాడ్యూళ్లకీ క్లాసులు, ప్రశ్నల బ్యాంకు, వారంలో రెండు సాయంత్రాలు సందేహాలకి ఫోన్. పరీక్ష ఫీజు ఇందులో లేదని ఆయన ముందే చెప్పాడు, ఎంతవుతుందో రాసి పంపాడు.

పది రోజులకి, అక్టోబర్ 30న, బడ్జెట్ వచ్చింది. ఇళ్లు కాని ఆస్తుల మీద మూలధన లాభాల పన్ను రేట్లు ఆ రోజునుంచే 10, 20 శాతాలు కాస్తా 18, 24 అయ్యాయి. రెండో ఇల్లు కొనేవాళ్ల మీద అదనపు స్టాంప్ డ్యూటీ మర్నాటి నుంచి 3 శాతం నుంచి 5 శాతానికి పెరిగింది. ఆ రాత్రి తొమ్మిదికి మాస్టారి నుంచి ఈమెయిల్: మారినవి ఇవి, ఉద్యోగానికి ఇవి తెలిసి ఉండాలి, పరీక్షలో ఎప్పటినుంచి అడుగుతారో కనుక్కుని చెప్తాను, అప్పటిదాకా పుస్తకంలో ఉన్నదే చదవండి అని. ఆ ఈమెయిల్ చదివి నేను మా ఆయనకి చూపించాను. 780కి నేను కొనుక్కున్నది అదే.

నవంబర్ 23న తప్పిన భాగం మళ్లీ ఫీజు కట్టి రాశాను. 42. ఈసారి అమ్మకి నేనే ఫోన్ చేసి, సెప్టెంబర్ సంగతి కూడా చెప్పేశాను. "అప్పుడే చెప్తే నేనేమన్నా అనేదాన్నా" అంది. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

రెండో మాడ్యూల్ పూర్తిగా మార్ట్‌గేజ్‌లే. 100 ప్రశ్నలు, రెండు గంటలు. ఇక్కడ బ్యాంకు అనుభవం కలిసొచ్చింది. స్కాట్లండ్‌లో ఇల్లు కొనే పద్ధతి వేరని, అక్కడి మాటలే వేరని మాత్రం కొత్తగా నేర్చుకున్నాను. 2025 ఫిబ్రవరి 15న 78 వచ్చాయి.

మూడోది నన్ను బాగా భయపెట్టింది. ఆరు కుటుంబాల కథలు ఇస్తారు, ఒక్కోదానికి పది ప్రశ్నలు, మొత్తం 60, రెండు గంటలు. జీతం, అప్పులు, పిల్లలు, ఆరోగ్యం, ఇంటి ధర అన్నీ ఒక పేజీలో ఉంటాయి. కొత్తగా నేర్చుకునేది తక్కువ, ఆ కుటుంబానికి ఏది సరిపోతుందో తేల్చేది ఎక్కువ. జవాబుల్లో రెండు కరెక్టుగానే అనిపిస్తాయి. వీడియోలు ఎన్ని చూసినా ఇది రాదు. మాస్టారు మా ఎనిమిదిమందినీ జంటలుగా చేసి, ఒకరు కస్టమరు, ఒకరు అడ్వైజరు అని మాట్లాడించాడు. నాకు జతగా వచ్చిన లీడ్స్ అబ్బాయి ప్రతిసారీ ఒక విషయం దాచిపెట్టేవాడు, నేను అడిగితే తప్ప చెప్పేవాడు కాదు. ఏప్రిల్ మొదటి తారీకున స్టాంప్ డ్యూటీ మళ్లీ మారింది. మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకి పన్ను లేని హద్దు 4,25,000 నుంచి 3,00,000 పౌండ్లకి తగ్గింది. ఆ వారం క్లాసంతా దానిమీదే నడిచింది. మే 10న 47 వచ్చాయి, 42 చాలు.

మొత్తం ఖర్చు: రెండు కోర్సులు, రిజిస్ట్రేషన్లు, మళ్లీ రాసిన ఫీజు, పార్కింగ్ అన్నీ కలిపి, తిరిగొచ్చిన 100 తీసేశాక కూడా 1,900 పౌండ్లు దాటింది. మొదటే సరైన చోట చేరితే పద్నాలుగు వందల చిల్లరలో అయిపోయేది.

ఉద్యోగం చూపిస్తామన్న మాట గురించి కూడా చెప్పాలి. మొదటి కంపెనీ వాళ్లు నా సీవీ తీసుకుని ఒక జాబ్ సైటు లింకు పంపారు. రెండోచోట అలాంటి హామీ ఏదీ ఇవ్వలేదు. పాసైనంత మాత్రాన ఎవరూ మనల్ని ఒంటరిగా సలహా ఇవ్వనివ్వరని మాత్రం మొదటిరోజే చెప్పారు. ఏదైనా సంస్థలో చేరి, ఒకరి పర్యవేక్షణలో పనిచేసి, సమర్థురాలివని వాళ్లు సంతకం పెట్టాకే. పద్నాలుగు దరఖాస్తులు పెట్టాను, మూడు ఇంటర్వ్యూలు వచ్చాయి. ఆగస్టులో ఒక చిన్న బ్రోకర్ ఆఫీసులో అడ్మినిస్ట్రేటర్‌గా చేరాను. పేస్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు సరిచూడటం, బ్యాంకుల వెంట పడటం నా పని. వీసా మీద ఉన్న మనవాళ్ల ఫైళ్లు వస్తే నాకే ఇస్తారు. పేర్లు ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా ఉంటే ముందు నాకే కనపడుతుంది.

మొదటి కంపెనీ వాళ్లు కోర్సు జీవితాంతం చూసుకోవచ్చని కూడా చెప్పారు. మొన్న ఆదివారం లాగిన్ అయి చూశాను. ఆ పేజీలో ఇంకా 12,300 అనే ఉంది. పేజీ నంబరు వేసి మళ్లీ రాశాను. వాళ్ల దగ్గర ఈ నెల చేరినవాళ్లు ఎవరో ఉంటారు, వాళ్ల పరీక్ష ఎప్పుడో.